షహ్ పడ్డాక దూకిన రాజు

మా అమ్మాయికి చదరంగం నేర్పింది నేనేనని తాండూరులో, వికారాబాదులో ఇప్పటికీ అంటారు. ఆ మాటలో సగమే నిజం. చిన్నప్పుడు ఒక ఆటలో ఆమె దొంగ ఎత్తు వేయబోయి పట్టుబడిందని కూడా అంటారు. అందులో నిజం బొత్తిగా లేదు. ఆ మాట పుట్టింది నా వల్ల. పదేళ్లు అది నా ముందే తిరుగుతుంటే వింటూ కూర్చున్నదీ నేనే. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను తాండూరు స్టేషన్‌లో గూడ్స్ గుమాస్తాను. బండలు వ్యాగన్లకు ఎక్కించే పని పొద్దంతా సాగేది. ఖాళీ వ్యాగన్లు రాని రోజు బండల యార్డు మున్షీ, బండ్ల మేస్త్రీ నీడ చూసుకుని, ఒక నాపబండ మీద బొగ్గుతో గళ్లు గీసుకుని ఆడేవాళ్లు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. నాకు ఆట వచ్చింది అట్లా నిలబడి చూసే. కూర్చుని నేర్పమని అడగడానికి నాకు నామోషీ. గుమాస్తా పోయి మేస్త్రీని అడగడమేమిటని. అందువల్ల నా ఆట అంతా చిల్లులు. ఎత్తులు తెలుసు, ఆడడం తెలియదు.

ఒక్క నియమం మాత్రం నాకు ఖాయంగా తెలుసు. మా వైపు ఆటలో, మొత్తం మీద ఒకే ఒక్కసారి రాజు గుర్రంలాగా దూకవచ్చు. అయితే ఎదుటివాడు అంతకుముందు ఒక్కసారైనా ‘షహ్’ అని రాజును బెదిరించి ఉంటే ఇక ఆ దూకు లేదు. అందుకే మున్షీ ఆట మొదలైన కాసేపటికే, అవసరం ఉన్నా లేకపోయినా, ఒక షహ్ పడేసేవాడు. “ఇగ నీ రాజు కాళ్లిరిగినయ్ పో” అని మేస్త్రీని ఎగతాళి చేసేవాడు. ఈ మాట నేను కనీసం వందసార్లు విన్నాను. నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

మా అమ్మాయి పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు పుట్టింది. ఆరేళ్లప్పుడు నిలిపి ఉన్న బండి ఎక్కి ఆడుతూ కింద పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన వైద్యుడు నెలన్నర పరుగులు పెట్టకుండా చూడమన్నాడు. ఆ పిల్లను కూర్చోబెట్టడం అంటే మాటలా? రెండో రోజుకే మా ఆవిడ విసిగిపోయింది.

“రోజూ నిలబడి చూసొస్తవ్ గదా ఆ ఆట. అదన్న నేర్పు. కూసుంటది” అంది.

మా అరుగు బండ మీద ఒక రాతిపనివాడితో ఉలితో గళ్లు గీయించాను. నలుపూ తెలుపూ లేవు, వట్టి గీతలే. వడ్రంగి ఎరుపు, ఆకుపచ్చ లక్క పూసిన పావులు చేసిచ్చాడు. మొదటి రోజే రాజు, వజీరు, ఏనుగు, ఒంటె, గుర్రం, బంటు, అన్నీ ఎట్లా నడుస్తాయో ఏకబిగిన చెప్పేశాను. చెప్పి తలెత్తి చూస్తే ఆమె ఎర్ర వజీరుకూ పచ్చ ఏనుగుకూ పెండ్లి చేస్తోంది. బంట్లన్నీ బారాత్. నాకు కోపం వచ్చి పావులు లాక్కున్నాను. పిల్ల ఏడ్చింది.

లోపలినుంచి మా ఆవిడ కేకేసింది. “ఏందయ్యా, నీకు ఒక్కనాడే వచ్చిందా? ఎన్నేండ్లు నిలబడ్డవ్ ఆడ?”

ఆ మాట నాకు పాఠమైంది. మర్నాడు బంట్లు మాత్రమే పెట్టాను. ఎనిమిది నావి, ఎనిమిది ఆమెవి. ఎవరి బంటు ముందు అవతలి గట్టు చేరితే వాళ్లది గెలుపు.

“బంటు వెనకకు ఎందుకు రాడు నాయినా?”

“రాడు అంతే.”

“ఇంటికి పోవాల్ననిపియ్యదా?”

“అవతలికి పోతే పెద్దోడయితడు. అందుకని పోతడు.”

ఆ జవాబు ఆమెకు నచ్చింది. మూడు రోజులకు బంట్ల ఆటలో నన్ను ఓడించింది. నాలుగో రోజు ఏనుగులు చేర్చాం. తర్వాత ఒంటెలు. ఆఖరుకు గుర్రం. గుర్రానికి వారం పట్టింది. ఎడమచేత్తో గళ్లు తట్టుకుంటూ “ఒకటి, రెండు, పక్కకు” అని లెక్కపెట్టేది. అన్నం తింటూ పళ్లెంలో కూడా లెక్కపెట్టేది. కట్టు విప్పేనాటికి పూర్తి ఆట ఆడుతోంది. పిల్లకు ఏదైనా నేర్పడమంటే కొంచెం ఇచ్చి ఆగడమని నాకు తెలిసింది ఆ నెలన్నరలోనే. అంతవరకు నేను మంచి తండ్రినే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఏడాది తిరిగింది. ఒక ఆదివారం పొద్దున మా పార్సిల్ గుమాస్తా చాయ్ తాగడానికి వచ్చాడు. “మా బిడ్డ ఆట చూద్దువు రా, ఎంత ఆడినా ఇంకా నన్ను గెలవలేదనుకో” అని నేనే గొప్పకు పోయి కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలు గడవలేదు. ఆమె గుర్రం వచ్చి నా రాజుకు గురిపెట్టింది.

“షహ్” అంది.

చూశాను. నా రాజు కదలడానికి జాగా లేదు. గుర్రాన్ని కొట్టే పావు లేదు. పార్సిల్ గుమాస్తా గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు. మా ఆవిడ గడపలో నిలబడి ఉంది.

నేను రాజును తీసి గుర్రంలాగా దూకించి అవతల పెట్టాను.

“అదేంది నాయినా?”

“రాజు ఒక్కసారి దూకొచ్చు, చెప్పలేదా?”

“షహ్ అన్నంక గూడనా?”

“ఆఁ. అన్నంక గూడ.”

ఆమె కాసేపు ఆలోచించింది. “నా రాజు గూడనా?”

“నీ రాజు గూడ.”

“అయితే సరే” అంది. ఆ ఆట నేనే గెలిచాను. పార్సిల్ గుమాస్తాకు చదరంగం రాదు కాబట్టి నన్ను పట్టుకునేవాడు లేడు. ఏడేళ్ల పిల్ల చేతిలో ఓడిపోవడానికి సిగ్గుపడి ఆమెకు అబద్ధం నేర్పాను.

అప్పుడు దిద్దుకుంటే పోయేది. దిద్దలేదు. ఆ అబద్ధం నాకు ఇంకొన్ని నెలలు గెలుపులు తెచ్చిపెట్టింది. కానీ ఆ నెలల్లోనే నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఆమె షహ్ అనడం మానేసింది. పావులను మెల్లగా తెచ్చి నా రాజు చుట్టూ నిలబెట్టేది. ఏమీ అనేది కాదు.

“అవకాశం ఉన్నది గదా, షహ్ ఎందుకంటలేవు?” అని ఒకసారి అడిగాను.

“తొందరపడి అంటే నీ రాజు దూకుతడు. దూకే జాగలన్నీ మూసినంకనే అంట.”

రాజు దూకగల గళ్లు ఎనిమిది. ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటే మూసేది. కొన్ని నెలలకు నా అబద్ధం కూడా నన్ను కాపాడలేకపోయింది. వరసగా ఓడిపోసాగాను. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు, గర్వం వచ్చింది. ఆ గర్వంతోనే ఆమెను వికారాబాదు తీసుకుపోయాను.

వికారాబాదులో కచేరీ నుంచి రిటైరైన ఒక పేష్కార్ సాబ్ ఉండేవారు. ఆదివారం ఆయన వరండాలో చదరంగం ఆడేవాళ్లు చేరేవారు. పరిగి నుంచి, కొడంగల్ నుంచి కూడా వచ్చేవారు. పేష్కార్ సాబ్‌ను ఓడించడం ఆ చుట్టుపక్కల ఎవరికీ అలవాటు లేదు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. రెండు జడలు వేసుకుని బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు.

పరిగి నుంచి వచ్చిన బట్టల సేటు ఒకాయన నవ్వాడు. “సాబ్, చాక్లెట్లు తెప్పియ్యుండ్రి. ఏడిస్తే పనికొస్తయ్.”

“ఏడిస్తే నువ్వు ఏడుస్తవ్ సేటూ, పోయిన ఆదివారం నీ ఏనుగు పోయినప్పటి లెక్క” అన్నారు పేష్కార్ సాబ్. మా అమ్మాయి వైపు తిరిగి, “బేటీ, ఎరుపు కావాల్నా, పచ్చ కావాల్నా?”

“ఎరుపు తాతా.”

ఆట మొదలైంది. ఆయన కాసేపటికే ఒంటెతో ఒక షహ్ పడేశారు. ఆమె బంటును అడ్డం పెట్టింది. ఎవరికీ నష్టం లేదు. ఈ షహ్ ఎందుకన్నాడా అని ఆమె ఆయన మొహం చూసింది. ఎందుకో నాకు తెలుసు. ఆమె దూకు పోయింది. లేచి చెవిలో చెప్పాలనుకున్నాను. అంతమందిలో ఎట్లా చెప్పడం?

అరగంట తర్వాత ఆయన వజీరు, ఏనుగు కలిసి వచ్చాయి. “షహ్” అన్నారు. ఆమె కొంచెం కూడా కంగారుపడకుండా రాజును తీసి గుర్రంలాగా దూకించింది.

వరండా అంతా ఒక్కసారి నవ్వింది.

“అరె, అరె! షహ్ పడ్డంక దూకుడా? దొంగదూకు! సాబ్, పిల్ల మీకే టోపీ పెడుతున్నది!” అని సేటు తొడ చరిచాడు.

“షహ్ పడ్డ రాజు దూకడు బేటీ” అన్నారు పేష్కార్ సాబ్ మెల్లగా.

“దూకుతడు. మా నాయిన చెప్పిండు.”

అందరూ నా వైపు తిరిగారు. నేను చెప్పవలసింది ఒక్క మాట. ‘అవును, నేనే తప్పు చెప్పాను.’ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“చిన్నపిల్ల గదా సాబ్. మరిచిపోయి ఉంటది.”

ఆమె నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. రాజును తెచ్చి మునుపటి గడిలో పెట్టింది. షహ్ తప్పించుకోవడానికి గుర్రాన్ని అడ్డం వేసింది. గుర్రం పోయింది.

“ఇగ చాక్లెట్లు తెప్పియ్యుండ్రి” అన్నాడు సేటు.

ఆమె అతని మాట వినలేదు. బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, పేష్కార్ సాబ్‌ను అడిగింది.

“తాతా, నేను మీ రాజుకు ఇప్పటిదాక షహ్ అనలే గదా?”

“అనలేదు.”

“ఇప్పుడు షహ్ అన్ననంటే మీ రాజు గూడ ఇగ దూకడా?”

“దూకడు.”

“ఒక్కసారి అన్నా?”

“ఒక్కసారి అన్నా దూకడు బేటీ.”

అప్పుడు ఆమె మొహంలో వెలుగు వచ్చింది. నాకు అర్థమైంది. పేష్కార్ సాబ్‌కు తన రాజును ముందే దూకించి దాచుకునే అలవాటు లేదు. అవసరమొస్తే అప్పుడు చూసుకుందామన్న ధీమా. ఆమె మాత్రం అలవాటు ప్రకారం అరగంటగా ఆయన రాజు దూకే గళ్లన్నీ మూసుకుంటూ వచ్చింది. ఇంత కష్టం అక్కరలేదని, ఒక్క షహ్‌తో ఆ దూకే పోతుందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. మూయవలసినవి ఎనిమిది గళ్లు కావు, రాజు పక్కనున్న రెండు మూడు గళ్లే.

“షహ్” అంది, ఒంటెతో.

పేష్కార్ సాబ్ నవ్వుతూ రాజును ఒక గడి జరిపారు. ఆమె ఏనుగును తెచ్చి వరసంతా మూసింది. ఆయన నవ్వు ఆగింది. గడ్డం నిమురుకున్నారు. వజీరును వెనక్కి రప్పించారు. ఆమె రెండో ఏనుగును జరిపింది. చుట్టూ నిలబడ్డవాళ్లు దగ్గరకు వచ్చారు. ఎవరో “సాబ్, బంటును జరుపుండ్రి” అంటే, “నువ్వు చుప్ కూసో” అని ఆయనే కసిరారు. జరిపినా లాభం లేదని ఆయన అప్పటికే చూశారు.

“షహ్” అంది మళ్లీ. ఒక గడి మిగిలింది. రాజు అక్కడికి పోయాడు. ఆమె మిగిలిన గుర్రం ఎత్తింది. ఒకటి, రెండు, పక్కకు.

“షహ్. మాత్ గూడ, తాతా.”

పేష్కార్ సాబ్ బోర్డును చాలాసేపు చూశారు. తర్వాత తన రాజును మెల్లగా పడుకోబెట్టి, లేచి నిలబడి, ఎనిమిదేళ్ల పిల్లకు సలాం చేశారు. కొడంగల్ నుంచి వచ్చిన మాస్టరు చప్పట్లు మొదలుపెడితే వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. ఆమె బెంచీ మీద నుంచి కిందికి దూకింది. ఏడిస్తే ఇద్దామన్న చాక్లెట్లు ఏవని సేటును అడిగింది. సేటు నిజంగానే పోయి తెచ్చాడు.

“ఉస్తాద్ ఎవరు?” అన్నారెవరో.

“ఇంకెవరు, గూడ్స్ బాబే” అన్నాడు సేటు. నేను చేతులు జోడించాను. జోడించినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

మధ్యాహ్నం ప్యాసింజర్‌లో తిరుగు ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని చాక్లెట్ చప్పరిస్తూ ఆమె అడిగింది.

“నాయినా, నేను మరిచిపోయిన్నా?”

పెట్టెలో మా ఇద్దరికీ తెలిసినవాళ్లెవరూ లేరు. అప్పుడైనా చెప్పవచ్చు.

“ఆఁ, మరిచిపోయినవ్ బిడ్డా” అన్నాను.

“గట్లనా” అంది. మళ్లీ అడగలేదు.

ఆ తర్వాతి పదేళ్లు ఆమెవే. ఆదివారం వచ్చిందంటే వికారాబాదు వరండాలో ఆమెకోసం ఒక చోటు ఉంచేవారు. పదకొండేళ్లప్పుడు కొడంగల్ మాస్టరును, పన్నెండేళ్లప్పుడు పేష్కార్ సాబ్‌ను వరసగా మూడు ఆటల్లో ఓడించింది. కొత్త పద్ధతి నియమాలు వచ్చినప్పుడు, బంటు మొదట రెండు గళ్లు నడవడం, రాజు కోటలోకి చేరడం, అన్నీ వారంలో పట్టేసింది. హైదరాబాదు కాలేజీలో చేరాక అక్కడి పోటీల్లోనూ గెలిచింది. ఆడిన ప్రతి ఆటా నోటుపుస్తకంలో ఎత్తు ఎత్తుగా రాసుకునేది. “చూడు ఎంత శ్రద్ధో, ఎనిమిదేళ్లప్పటి నుంచి రాస్తున్నది” అని ఆ పుస్తకాలు తీసి వచ్చినవాళ్లకు చూపించేవాణ్ణి.

గెలుపుతో పాటు ‘దొంగదూకు’ అనే పేరు కూడా నడిచింది. సేటు ఆమెను చూసినప్పుడల్లా “ఏం దొంగదూకూ, ఎప్పుడొచ్చినవ్?” అనేవాడు. అతని మనసులో చెడు లేదు. ముద్దుగానే అనేవాడు. పరిగిలో, కొడంగల్‌లో ఆమె ఆట చూడనివాళ్లకు కూడా ఆ పేరు తెలుసు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో పేష్కార్ సాబ్ కబురు పెడితే ఇద్దరం పోయాం. ఆయనకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ఆమె ఒక్కతే ముగ్గురితో మూడు బోర్డుల మీద ఆడుతోంది. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు ఒక బోర్డు దగ్గర కూర్చున్నాడు.

“జర పైలం డాక్టర్ సాబ్” అన్నాడు సేటు. “గీమె రాజు సచ్చినంక గూడ దూకుతడు. చిన్నప్పటి అలవాటు.”

అందరూ నవ్వారు. ఎప్పుడూ కలిసి నవ్వే మా అమ్మాయి ఆ రోజు నవ్వలేదు. “నేనప్పుడు మరిచిపోయిన్నట డాక్టర్‌గారూ” అని మాత్రం అంది. తనకు గుర్తులేని తప్పును, నా మాట నమ్మి ఒప్పుకుంది.

నేను లేచి నిలబడ్డాను. ఏమీ ఆలోచించుకోలేదు.

“ఆమె మరిచిపోలే. ఆ దూకు నేను నేర్పిన. తప్పని తెలిసే నేర్పిన. ఓడిపోతనని నేర్పిన. ఆనాడు అడిగితే గూడ ఒప్పుకోలే.”

పేష్కార్ సాబ్ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పారు.

“నాకు అప్పుడే అనుమానమొచ్చింది బాబూ. పిల్లలు నియమం మరిచిపోతరు. కొత్త నియమం పుట్టియ్యరు.”

“మరి అడగలేదేం సాబ్?”

“మీరే చెప్తరని చూసిన.”

మా అమ్మాయి తలెత్తలేదు. మూడు బోర్డులు పూర్తి చేసింది. మూడూ గెలిచింది. డాక్టరుకు ఎక్కడ తప్పు జరిగిందో ఓపికగా చూపించింది. తర్వాత నా దగ్గరకు వచ్చింది.

“రైల్ల అడిగిన గదా నాయినా.”

“అడిగినవ్.”

“అప్పుడు చెప్తే ఇద్దరం నవ్వుకుందుము. నువ్వు మరిచిపోయినవంటే, నాకేదీ సరిగ గుర్తుండదనుకున్న. అందుకే రాయడం మొదలువెట్టిన. అన్ని పుస్తకాలు ఊకెనే రాసిన్నా?”

నేను ఊళ్లో గొప్పగా చూపించిన పుస్తకాలు అవి. క్షమించమన్నాను.

“క్షమించుడు తర్వాత” అంది. “నోటితోని చెప్తే ఈ పదిమందే విన్నరు. పదేండ్లు ఎంతమంది అన్నరు? ఇప్పుడు నువ్వు రాయి.”

ఇంతవరకు రాసి ఆమెకు చూపించాను. చదివింది. “బాగనే ఉన్నది. ముందు పరిగికి పోయి సేటు మామకు వినిపియ్యి” అంది. బస్సెక్కి పోయాను. సేటు దుకాణంలో బట్ట కొలుస్తున్నాడు. కొలబద్ద పక్కన పెట్టి, బేరానికి వచ్చినవాళ్లను కూడా కూర్చోమని, మొత్తం విన్నాడు.

“ఇన్నేండ్లు ఆడపిల్లను దొంగ అంటి గదా బాబూ. అంటుంటే నువ్వు పక్కనే ఉంటివి గదా” అన్నాడు.

“ఉంటి.”

“నాతోటి పాపం జేయిస్తివి” అన్నాడు. అతనికి కోపం వచ్చింది. రావలసిందే.

ఆ ఆదివారం అతనే వికారాబాదు వచ్చాడు. వరండాలో అందరి ముందు “బిడ్డా, ఆ మాట వాపస్ తీసుకుంటున్న” అన్నాడు. దొంగదూకు అనలేదు. బిడ్డా అని పిలిచాడు.

“వాపస్ తీసుకుంటె తీసుకో మామా. కూసోని ఆడు ముందు” అంది ఆమె. నా వైపు తిరిగి, “పేష్కార్ తాతకు కంటికి ఆనదు. నువ్వు రాసింది చదివి వినిపియ్యి” అంది.

పేష్కార్ సాబ్ పక్కన కూర్చుని మొదటినుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పక్క బెంచీ మీద వాళ్ల ఆట మొదలైంది. నా చదువు సగం కాకముందే సేటు తన రాజును పడుకోబెట్టి, బెంచీ జరుపుకుని, మిగతాది వినడానికి మా దగ్గరకు వచ్చాడు.